సోమశిల పడవ

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున ఉప్పిట్టు తింటూ ప్రతిమ తల ఎత్తకుండా అడిగింది. "అక్కా, మనిద్దరం పడవలో పోదామా?"

ఏ పడవ అన్నాను. కృష్ణానదిలో సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ పోతుందట. గట్టు మీద పాతకాలపు గుళ్ళట, ఒక గుడి నీళ్ళ కిందే ఉంటుందట. పొద్దున ఎక్కితే సాయంత్రానికి మల్లన్న దగ్గర దించుతారట. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, పళ్ళెంలో పచ్చిమిరపకాయలు ఏరడం మొదలుపెట్టింది.

నా చెల్లెలికి నలభై తొమ్మిదేళ్ళు. భర్త దేవరాజ్ పోయినప్పటి నుంచి, అంటే మూడేళ్ళుగా, చింతామణిలో నా ఇంట్లోనే ఉంది. పట్టుగూళ్ళతో హారాలు గుచ్చి పెళ్ళిళ్ళకు అమ్ముతుంది. గూళ్ళ కోసం శిడ్లఘట్ట వైపు పోయిరావడం తప్ప, పక్కనే ఉన్న కైవారానికి పోదామన్నా "ఇంకోసారి" అనే మనిషి. అలాంటి మనిషికి సోమశిల పేరు ఎవరు చెప్పారు?

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. మధ్యలో మెట్లు రాయకుండా జవాబు మాత్రం రాస్తే మార్కులు వేసేదాన్ని కాదు. ప్రతిమ జవాబు రాసింది. మెట్లు లేవు.

అందుకే మళ్ళీ డైరీ తీశాను. తెలుగులో రాస్తున్నాను. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అయినా బడిలో అందరం నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు నాకు మా తాత నేర్పాడు. ప్రతిమకు రావు. ఈ పుస్తకం మంచం మీద వదిలేసినా భయం లేదు.

అక్టోబర్ 7, మంగళవారం

ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళాను. ప్రతిమ నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి ఫోనులో మాట్లాడుతూ ఉంది. "నీళ్ళు ఎంత ఉండాయంట? డ్యాము గేట్లు ఎత్తినారంటే పడవ వదలరు గదా. సరే, ఇంకొన్ని దినాలు చూస్తాము."

నన్ను చూసి పెట్టేసింది. ఎవరే అంటే పడవ వాళ్ళు అంది.

పడవ వాళ్ళతో ఎవరైనా నవ్వుతూ మాట్లాడతారా? అసలు నీళ్ళంటే నీళ్ళేనా? మా కొండల్లో పుట్టే ఏరులన్నీ ఇసుక దారులే. మాకు నీళ్ళంటే బోరు, లేదా ట్యాంకరు. గేట్లు ఎత్తడం, దించడం మా ఇంట్లో ఎవరూ మాట్లాడే మాటలు కావు.

బట్టలు మధ్యాహ్నమే తెచ్చేశానని కిందికి వచ్చాక గుర్తొచ్చింది.

అక్టోబర్ 8

ఈ రోజూ బట్టలు చూడటానికి వెళ్ళాను. మేడ మీద ఎవరూ లేరు.

అక్టోబర్ 11, శనివారం

ఇంకెవరెవరు వస్తున్నారని అడిగాను. మనిద్దరమే అంది. వీధి చివర సునీల్‌కుమార్ కారులో కర్నూలు దాకా పోయి, రాత్రికి అక్కడ ఉండి, తెల్లారి సోమశిల చేరాలట. కారు కూడా మాట్లాడేసింది! నన్ను అడగక ముందే మాట్లాడిందా, అడిగాక మాట్లాడిందా అన్నది చెప్పలేదు.

సాయంత్రం నా ఎదురుగానే పడవ వాళ్ళకు ఫోను చేసింది. నిజంగా పడవ వాళ్ళే. స్పీకరులో పెట్టింది కాబట్టి విన్నాను. ఎన్ని గంటలు పడుతుంది, భోజనం పెడతారా అని అడిగి, చివర్లో "నడుమ యాడన్నా దిగేకి ఉండాదా?" అంది. ఎక్కడా దిగడానికి వీల్లేదమ్మా, ఎక్కితే శ్రీశైలంలోనే అని వాడన్నాడు. ఆ మాటకు ఆమె ముఖం వెలిగింది.

దిగడానికి వీల్లేదంటే అంత సంతోషం ఎందుకు?

అక్టోబర్ 14

పక్కింటి మునిరత్నమ్మ పెరుగు తోడుకని వచ్చింది. ఆమె తోడు కోసం వచ్చిందంటే ఏదో ఒక కబురు మోసుకొచ్చిందని లెక్క. కూర్చోమన్నాను.

"టీచరమ్మా, మీ చెల్లెల్ని మొన్న శిడ్లఘట్ట పక్క సాదలిలో చూస్తి" అంది. "పట్టుపురుగులు పెంచే రేష్మె రవీంద్ర లేడా, పెండ్లాము పోయినాయప్ప, ఆయప్ప ఇంటి కాడ అరుగు మీద కూచోనుండాది. గూళ్ళు కొనేకి పోయినట్ల లేదమ్మా. సొంత ఇంట్లో కూచున్నట్ల కూచోనుండాది."

నేను నవ్వేశాను. గూళ్ళు నానేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా అన్నాను. గూళ్ళు నానబెట్టరు. మునిరత్నమ్మకు అది తెలుసు.

అక్టోబర్ 16, గురువారం

సాదలికి వెళ్ళాను. నా పాత విద్యార్థి ఒకామె అక్కడ ఉంటుంది, చాలాకాలంగా రమ్మంటోంది. ఆమె ఊళ్ళో లేదు. ఫోను చేసి వెళ్ళాల్సింది.

వచ్చినదాన్ని వచ్చినట్టే తిరిగిపోవడం ఎందుకని రవీంద్ర ఇల్లు అడిగాను. ఊరి చివర, పురుగులకు మేతేసే హిప్పునేరళె ఆకుల తోట పక్కన, పట్టుపురుగులు పెంచే పొడుగాటి షెడ్డు. మనిషి యాభై దాటినవాడు, జుట్టు చాలా నెరిసింది, నెరిసిందని దాచుకోలేదు. నన్ను చూసి షెడ్డు లోపలి నుంచే చెయ్యెత్తి ఆపాడు. నేను పూసుకున్న పౌడరు వాసన పురుగులకు పడదట. చేతులు కడుక్కుని బయటికి వచ్చాడు.

"రాండమ్మా, హేమావతి టీచరు గదా మీరు? ప్రతిమ చెప్తా ఉంటుంది" అన్నాడు.

ప్రతిమ గారు అనలేదు. ప్రతిమ.

కాఫీ తెచ్చాడు. చక్కెర లేదు. నేను చక్కెర వేసుకోనని ఈ మనిషికి ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారో తెలుసు. ఎందుకు చెప్పారన్నదే ప్రశ్న. ఆడవాళ్ళు గూళ్ళ బేరంలో అక్క తాగే కాఫీ గురించి మాట్లాడుకుంటారా?

గోడకు మేకు. మేకుకు ప్రతిమ గొడుగు. నీలం రంగుది, పిడి దగ్గర నేనే దారం చుట్టాను. పోయిన నెల బస్సులో మరచిపోయానని నాతో చెప్పిన గొడుగు.

అతను దాన్ని దాచే ప్రయత్నం ఏమీ చేయలేదు. అదే నాకు మరీ అనుమానం. మబ్బు పట్టింది చూసి తానే తీసి నా చేతికివ్వబోయాడు. "తీసుకోండమ్మా, మీ ఇంటిదే గదా."

తీసుకుంటే నేను ఇక్కడికి వచ్చినట్టు ప్రతిమకు తెలుస్తుంది. వద్దన్నాను. బస్సు స్టాపు చేరేలోపే వాన. తల నుంచి కాలి దాకా తడిసి ఇల్లు చేరాను. యాడికి పోయినావక్కా అని ప్రతిమ తువ్వాలు తెచ్చింది. పోస్టాఫీసుకు అన్నాను.

అక్టోబర్ 17

జలుబు. ప్రతిమ మిరియాల కషాయం పెట్టి ఇచ్చింది. తాగేదాకా పక్కనే నిలబడింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది.

ఇప్పుడు మెట్లన్నీ దొరికాయి. అతను కూడా ఆ పడవలో ఉంటాడు. ఏమీ తెలియనట్టు ఎదురవుతాడు. శ్రీశైలంలో నన్ను సత్రంలో కూర్చోబెట్టి, దర్శనానికని పోయి దండలు మార్చుకుని వస్తారు. లేదా రారు. దిగడానికి వీల్లేని పడవ ఎందుకో ఇప్పుడు అర్థమైంది. మధ్యలో నేను లేచి వచ్చేయకుండా.

ఆమె మంచి కోసమే ఆలోచిస్తున్నాను. నాకేముంది? ఆమె రాక ముందు ఒంటరిగానే బతికాను. బాగానే బతికాను.

అక్టోబర్ 19

మోకాలు నొప్పిగా ఉంది. పడవ ఎక్కడం కష్టమేమో అన్నాను. పేపర్లో ఎక్కడో పడవ తిరగబడిన వార్త వస్తే పైకి చదివాను.

ప్రతిమ విని, "నొప్పి తగ్గినాకే పోదాములే" అంది. వదిలిపెట్టడం లేదు.

సాయంత్రం గేటు చప్పుడైతే ఎవరో చూద్దామని పరుగున వెళ్ళాను. కుక్క. తిరిగి వచ్చేటప్పుడు కుంటుతూ వచ్చాను. ఆమె చూసిందో లేదో తెలియదు.

అక్టోబర్ 23, గురువారం

రూపేష్‌కు ఫోను చేశాను. ప్రతిమ కొడుకు, ఒక్కడే. బెంగళూరులో ఉద్యోగం. వాడికి పాతపాళ్యలో ఒక పెళ్ళి సంబంధం మాటల్లో ఉంది.

నేను ఏమీ కల్పించలేదు. మీ అమ్మ సాదలికి తరచుగా పోతోందన్నాను. అక్కడ ఒక ఆయప్ప ఉన్నాడన్నాను. ఊళ్ళో అనుకుంటున్నారన్నాను. (మునిరత్నమ్మ ఊళ్ళోనే కదా ఉంది.) మీ అమ్మ అమాయకురాలు, నువ్వు కాస్త చూసుకో నాయనా అన్నాను. ఆదివారం వస్తానని వాడు ఫోను పెట్టేశాడు.

పెద్దదానిగా చెప్పాల్సింది చెప్పాను. అంతే.

అక్టోబర్ 26, ఆదివారం

రూపేష్ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు. ప్రతిమ కింద కూర్చుని హారం గుచ్చుతోంది.

"సాదలికి నువ్వు పోయేది గూళ్ళకేనామ్మా?"

ఆమె సూది కింద పెట్టింది. వాడు మళ్ళీ అడిగాడు. గట్టిగా కాదు. గట్టిగా అడిగి ఉంటే బాగుండేది.

"పాతపాళ్య వాళ్ళు వచ్చే నెల మాట తేల్చి చెప్తామన్నారు. వాళ్ళు అడిగితే నేనేమి చెప్పాల?"

"ఏమీ చెప్పొద్దులే నాయనా" అంది ప్రతిమ. "ఏమీ లేదు."

ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. నా వైపు చూడలేదు. వాడు అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత ఆమె పడవ వాళ్ళకు ఫోను చేసి మేము రావడం లేదని చెప్పింది. సునీల్‌కుమార్‌కూ చెప్పింది. గుచ్చుతున్న హారం సంచిలో వేసి అటక మీద పెట్టింది.

సమస్య తీరింది. ఈ రాత్రి నిద్ర బాగా పడుతుంది.

అక్టోబర్ 27

పట్టలేదు.

అక్టోబర్ 30

ప్రతిమ అన్ని పనులూ చేస్తుంది. కాఫీ ఇస్తుంది, గిన్నెలు తోముతుంది, నా మోకాలికి నూనె రాస్తుంది. ఏది అడిగినా "ఊఁ" అంటుంది. గూళ్ళకు పోవడం మానేసింది. ఫోను మోగితే చూసి అలాగే వదిలేస్తుంది. సాయంత్రాలు ఇద్దరం టీవీ ముందు కూర్చుంటాం. ఆమె గోడ గడియారం వైపు చూస్తూ ఉంటుంది.

ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఇదే కదా నాకు కావలసింది. అంటే, ఆమెకు మంచిది.

నవంబర్ 2

మునిరత్నమ్మ తోడు కోసం వచ్చింది. పెరుగు లేదని చెప్పి పంపేశాను. పెరుగు ఉంది.

నవంబర్ 5, బుధవారం

పొద్దున వంటింట్లో ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనే మొదలుపెట్టాను. మోకాలు తగ్గింది, ఆ పడవకు పోదామా అన్నాను.

"ఇప్పుడేమిటికి?" అంది. "పడవలో చెప్పాల్సిన మాట అయిపోయె గదా."

ఏం మాట అన్నాను. తెలియనట్టే అన్నాను.

"ఆయప్ప నన్ను చేసుకుంటానన్నాడు. నాకూ ఇష్టమే. మా వానికంటే ముందు నీకు చెప్పాలనుకుంటి."

"అతను కూడా పడవలో వచ్చేవాడా?"

"ఆయప్ప ఏమిటికి వస్తాడు?" ఆమెకు నిజంగా అర్థం కాలేదు. "మనిద్దరమే అంటి గదా."

ఇంట్లోనే చెప్పి ఉండొచ్చు కదా, దీనికి పడవలూ నదులూ ఎందుకన్నాను. ఆమె చిక్కుడు గింజలు చేత్తో ఒక పక్కకు జరిపింది.

"ఇంట్లో చెప్తే నువ్వు లోపలికి పోయి తలుపేసుకుంటావు. చిన్నప్పటి నుంచీ అంతే గదక్కా నువ్వు. పడవలో అయితే యాడికి పోతావు? సగం దావ కోపంగా కూచుంటావు. మిగిలిన సగంలో నన్ను ఒక్క మాటన్నా అడుగుతావనుకుంటి."

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. ఇద్దరం లేవలేదు. నేను చెప్పేశాను. రూపేష్‌కు ఫోను చేసింది నేనే అని.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ దినమే. వాడు తిరిగి పోతా దావలో నుంచి ఫోను చేసి చెప్పినాడు. నువ్వు సాదలికి పోయింది కూడా తెలుసు. గొడుగు ఇస్తే తీసుకోకుండా తడుచుకుంటా పోయినావంట. పాపం, ఆయప్ప దానికి శానా బాధపడినాడు."

"మరి నన్ను ఎందుకు అడగలా?"

"నువ్వే చెప్తావని చూస్తాంటి."

ఆమె లేచి స్టవ్ ఆపింది. పొంగిన పాలు తుడవసాగింది. ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ తలుపు వెనకే కూర్చుని ఇది రాస్తున్నాను.

నవంబర్ 6

నిన్న సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆమె పిలవలేదు. గడప దగ్గర పళ్ళెం పెట్టి పోయింది. చిక్కుడుకాయ పులుసు, రాగిముద్ద.

నాకేముంది, బాగానే బతికాను అని పోయిన నెల ఇందులోనే రాశాను. తిరగేసి చదివాను. ఆమె రాక ముందు నేను రాత్రి పూట వండుకునేదాన్ని కాదు. అది రాయలేదు.

నవంబర్ 8, శనివారం

బెంగళూరు వెళ్ళాను. రూపేష్ గది కింద టీ అంగడి దగ్గర కూర్చున్నాం. మీ అమ్మ దొంగతనం చేస్తున్నట్టు నీకు చెప్పాను, అది తప్పు, ఆయప్ప ఇంటికి పోయి చూసిందాన్ని, మంచివాడు, అన్నాను. మంచివాడని అక్కడ నా నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు.

వాడు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "మొన్న అట్ల చెప్తివి, ఇప్పుడు ఇట్ల చెప్తాండావు. ఏది నమ్మాల పెద్దమ్మా?"

అనాల్సిన మాటే అన్నాడు. పాతపాళ్య వాళ్ళతో నేనే పోయి మాట్లాడతానన్నాను. నీ ఇష్టం అన్నాడు. బస్సు ఎక్కించడానికి మాత్రం వచ్చాడు.

నవంబర్ 12

పాతపాళ్య. పిల్ల తల్లి మజ్జిగ ఇచ్చి, చెప్పిందంతా విని, ఇంట్లో మాట్లాడి చెప్తామంది. ముఖం చూసి ఏమీ కనిపెట్టలేకపోయాను. ఇన్నేళ్ళు పిల్లల ముఖాలు చూసి ఎవరు కాపీ కొట్టారో చెప్పినదాన్ని.

నవంబర్ 14

పడవ వాళ్ళకు నేనే ఫోను చేశాను. నీళ్ళు ఎంత ఉన్నాయని అడిగాను. నిండుగా ఉన్నాయన్నాడు. ఇద్దరికి టికెట్లు చెప్పాను.

ప్రతిమతో అంటే ఆమె నమ్మలేదు. ఇప్పుడు ఆమెకు అనుమానం. ఏమిటికక్కా, ఇంకా ఏముండాది అని నన్నే చూస్తోంది. "ఒక్క మాటన్నా అడగాలంటివి గదా. అడగతా" అన్నాను.

నవంబర్ 20

రూపేష్ నుంచి మెసేజ్. తల్లికి కాదు, నాకు. పడవలో లైఫ్ జాకెట్లు ఉంటాయో లేదో కనుక్కోమని. ప్రతిమకు చూపించాను. ఫోను తీసుకుని చాలాసేపు తన దగ్గరే పెట్టుకుంది.

నవంబర్ 22, శనివారం. శ్రీశైలం, సత్రం

చేతికి ఇంకా ఇంజను అదురు పోలేదు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

సోమశిలలో గట్టు మీద గుళ్ళన్నీ చూసి లాంచీ ఎక్కాం. అన్ని నీళ్ళు నేను ఎన్నడూ చూడలేదు. అవతలి ఒడ్డు సన్నటి గీత. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, నారింజ రంగువి. ప్రతిమ వేసుకుని ఫొటో తీయించుకుని కొడుక్కి పంపింది.

ఆమె వేసుకున్న పథకమంతా ఒకే దెబ్బకు పోయింది. లాంచీలో ఇంజను మోత. పైగా ఒకాయన మైకు పట్టుకుని కొండల పేర్లూ గుళ్ళ కథలూ ఆపకుండా చెబుతున్నాడు. పక్కపక్కన కూర్చున్నా ఒకరి మాట ఒకరికి వినపడదు. నేను అడగాలని దారంతా పేర్చుకున్న ప్రశ్నలు నోట్లోనే ఉన్నాయి. ఇంతోటి దానికి మన వంటిల్లే మేలు కదా అన్నాను. ఆమె "ఆఁ?" అంది.

చివరికి ఆమె చెవి దగ్గరికి వంగి అరిచాను. సరిగ్గా అప్పుడే లాంచీ వాడు ఇంజను ఆపేశాడు. సంగమేశ్వరం గుడి ఇక్కడే, నీళ్ళ అడుగున ఉందట, దణ్ణం పెట్టుకోండి అని. అందరూ చేతులు జోడించిన ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే మోగింది.

"ఆయప్పకు నువ్వంటే నిజంగా ఇష్టమేనా?"

లాంచీలో అందరూ తిరిగి చూశారు. మైకు ఆయన కూడా. నాకు లేచి పోవాలనిపించింది. పోవడానికి చోటు లేదు.

ప్రతిమ ముఖం ఎర్రబడింది. తల వంచుకునే, మెల్లగా అంది. "ఇష్టమే అక్కా."

"నీకు?"

"నాకూ."

నీళ్ళు పడవ పక్కకు తగిలి పోతున్నాయి. కింద ఎక్కడో గుడి ఉంది. ఏమీ కనపడదు, ఆకుపచ్చగా ఉంది, అంతే. నేను దాన్ని చూస్తూ అన్నాను, ఈసారి మెల్లగా. "నేను ఒక్కదాన్నే అయిపోతా గదే."

ఆమె నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి అనేస్తే నమ్మేదాన్ని కాను. కాసేపటికి తన చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. "దానికే గదా నేను ఇన్ని దినాలు చెప్పలేక పోయింది" అంది.

ఇంజను మళ్ళీ మొదలైంది. ఎదురు వరసలో ముక్కుపుడక పెట్టుకున్న ముసలమ్మ ఇదంతా విన్నది, ఊరుకోలేకపోయింది. ముందుకు వంగి, చెయ్యి ఆడిస్తూ నన్నడిగింది. "పెండ్లెవరిదమ్మా?"

"మా చెల్లెలిది" అన్నాను.

ఆమెకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను లేచి నిలబడి, లాంచీ అంతా వినేలా మళ్ళీ చెప్పాను.